చక్రాల ఇంటికీ ఓ చిరునామా

ఇంటికి తాళం వేసి ఊళ్లు తిరిగి రావడం అందరూ చేసేదే. ఇల్లే అమ్మేసి, ఆ డబ్బుతో ఓ బండి కొనుక్కుని, ఆ బండినే ఇల్లు చేసుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు అమెరికాలో ఉన్నారు. వాళ్లను ‘ఫుల్‌టైమర్లు’ అంటారు. వాళ్ల బండి పేరు ఆర్‌వీ. లోపల గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, మంచం, స్నానాలగది... అన్నీ ఉంటాయి. చలికాలం వస్తే ఆరిజోనా ఎడారికి, ఎండలు ముదిరితే మోంటానా కొండలకి ప్రయాణం. పిల్లల్ని చూసొద్దామని అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్లు, బస్సంత బండి ఒకటి వెనకాల చిన్న కారును కట్టుకుని హైవే మీద సాగిపోతుంటే చూసి ముచ్చటపడే ఉంటారు. ‘రిటైరైతే ఇలా ఉండాలి’ అనీ అనుకుని ఉంటారు.

ఆ ముచ్చట వెనక ఓ చిక్కుంది. బండి పాడైతే ఏ ఊళ్లోనైనా మెకానిక్కు దొరుకుతాడు. బండి నడిపే మనిషికి జబ్బు చేస్తే? డాక్టర్లకు కొదవలేదు, ఆసుపత్రులకు అంతకన్నా లేదు. కానీ జేబులో ఉన్న బీమా కార్డు ఆ ఊళ్లో చెల్లుతుందా అన్నదే ప్రశ్న. యాభై రాష్ట్రాలూ తిరగాలనుకునేవాళ్లకు యాభై రాష్ట్రాల్లోనూ పనిచేసే ఆరోగ్య బీమా దొరకడం, మంచి బండి దొరకడం కన్నా కష్టం.

ఒక్క రాత్రి రసీదు

ఇల్లు లేకపోయినా చిరునామా లేకుండా కుదరదు. డ్రైవింగ్ లైసెన్సుకు కావాలి, బండి రిజిస్ట్రేషన్‌కు కావాలి, ఓటుకు, పన్నుకు, బ్యాంకుకు కావాలి. అందుకని ఫుల్‌టైమర్లు చేసే మొదటి పని, ఏదో ఒక రాష్ట్రాన్ని తమ సొంత రాష్ట్రంగా ఎంచుకోవడం. ఎక్కువమంది చూపు టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాల మీదే. మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. వచ్చిన ఉత్తరాలు అందుకుని, యజమాని ఎక్కడుంటే అక్కడికి పంపే సంస్థలూ ఈ మూడుచోట్లా ఉన్నాయి.

సౌత్ డకోటా సంగతి మరీ విచిత్రం. అక్కడి క్యాంపులోనో హోటల్లోనో ఒక్క రాత్రి గడిపినట్టు రసీదు చూపించి, అఫిడవిట్ మీద సంతకం చేస్తే డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారు. టెక్సస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊరుంది. ఎస్కేపీస్ అనే ఆర్‌వీ సంఘానికి అదే కేంద్రం. జో పీటర్సన్, కే పీటర్సన్ దంపతులు 1978లో పెట్టిన సంఘం ఇది. వేల కుటుంబాలకు ఉత్తరాలు అక్కడికే వస్తాయి. ఆ చిరునామా ఉన్నవాళ్లలో చాలామంది ఆ ఊళ్లో ఏడాదికి నాలుగు రోజులు కూడా ఉండరు.

ఇంతవరకూ బాగానే ఉంది. పన్ను తక్కువ, లైసెన్సు తేలిక, వాహన బీమా చవక... ఇవన్నీ లెక్కేసుకుని సౌత్ డకోటాను ఎంచుకుంటారు. ఆరోగ్య బీమా మాట ఆ తర్వాత గుర్తొస్తుంది. అసలు ముందు చూడాల్సింది అదే.

రాష్ట్రం దాటితే...

మన దగ్గర హైదరాబాద్‌లో ఓ కంపెనీ నుంచి ఆరోగ్య పాలసీ తీసుకుంటే, కాశీయాత్రలో జబ్బుపడినా అక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ప్రీమియంలో ఊరిని బట్టి తేడా ఉంటే ఉండొచ్చు గానీ, పాలసీ మాత్రం దేశమంతటికీ ఒకటే. అమెరికాలో అలా ఎందుకు లేదు? దీని మూలం చాలా వెనక్కి ఉంది. బీమా వ్యాపారం రాష్ట్రాల సరిహద్దులు దాటే వాణిజ్యమే కాబట్టి అది కేంద్ర ప్రభుత్వ పరిధిలోకి వస్తుందని 1944లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాదే మెకారన్-ఫెర్గూసన్ చట్టం చేసి, కాంగ్రెస్ ఆ అజమాయిషీని మళ్లీ రాష్ట్రాల చేతికే అప్పగించింది. ఆ రోజుల్లో చక్రాల మీద కాపురాల గురించి ఎవరు ఆలోచిస్తారు?

2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టం చాలా మార్చింది. పాత జబ్బులున్నాయని పాలసీ ఇవ్వననడానికి వీల్లేదు. జబ్బును బట్టి ప్రీమియం పెంచడానికీ లేదు. వయసును బట్టి పెంచొచ్చు గానీ, దానికీ హద్దు పెట్టారు. 21 ఏళ్లవాళ్లు కట్టేదానికి మూడు రెట్లు మించకూడదు. 2014 నుంచి అమల్లోకి వచ్చిన ఈ ఏర్పాటు ఉద్యోగం మానేసి రోడ్డెక్కినవాళ్లకు పెద్ద ఊరట. బీపీ, షుగర్ ఉన్న యాభై ఎనిమిదేళ్ల మనిషి అంతకుముందు సొంతంగా పాలసీ కొనాలంటే గగనమే.

అయితే ఆ ప్లాన్ల ధర, అవి దొరికేదీ లేనిదీ అంతా ఉండే ప్రాంతాన్ని బట్టే. దరఖాస్తులో జిప్‌కోడ్ వేయగానే, ఆ కౌంటీకి ఏ కంపెనీలు ఏం అమ్ముతున్నాయో అవే కనిపిస్తాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోవచ్చు. వాటిలో ఎక్కువభాగం హెచ్ఎంఓ, ఈపీఓ రకాలు. కంపెనీతో ఒప్పందం ఉన్న స్థానిక డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి. బయట చూపించుకుంటే, అత్యవసరమైతే తప్ప, బిల్లు మొత్తం మీదే. బయటి డాక్టర్ల దగ్గరికి వెళ్లినా కొంత ఇచ్చే పీపీఓ రకం ప్లాన్లు, సొంతంగా పాలసీ కొనుక్కునేవాళ్లకు ఏటికేడు అరుదైపోయాయి. టెక్సస్‌లో బ్లూక్రాస్ సంస్థ వ్యక్తులకు పీపీఓలు అమ్మడం 2016 నుంచి మానేసింది. లివింగ్‌స్టన్ చిరునామా పెట్టుకుని దేశం తిరుగుతున్నవాళ్ల కాళ్ల కింద నేల కదిలింది అప్పుడే. కొందరు ఏకంగా రాష్ట్రమే మార్చుకున్నారు.

కార్డు మీద సూట్‌కేసు

ఎక్కడికి మారారు? ఎక్కువగా ఫ్లోరిడాకి. బ్లూక్రాస్ బ్లూషీల్డ్ అనేది ఒక కంపెనీ కాదు. ఆ పేరుతో ముప్పైకి పైగా విడివిడి సంస్థలు ఒక్కో ప్రాంతంలో పనిచేస్తుంటాయి. వాటి మధ్య ‘బ్లూకార్డ్’ అనే ఒప్పందం ఉంది. ఒక సంస్థ సభ్యుడు మరో సంస్థ ప్రాంతంలో వైద్యం చేయించుకుంటే, ఆ స్థానిక ధరల ప్రకారమే లెక్క తేల్చుకుంటాయి. ఫ్లోరిడా బ్లూ సంస్థ వ్యక్తులకు అమ్మే ప్లాన్లలో కొన్నింటికి ఈ సదుపాయం ఉండటంతో, అరవై ఐదేళ్లు నిండని ఫుల్‌టైమర్లలో ఆ రాష్ట్రానికి పేరొచ్చింది.

ఇక్కడ ఓ చిన్న గుర్తు చూసుకోవాలి. బీమా కార్డు మూలన చిన్న సూట్‌కేసు బొమ్మ ఉంటుంది. దాని మధ్యలో పీపీఓ అన్న అక్షరాలుంటే దేశమంతటా ఆ నెట్‌వర్క్ వర్తిస్తుంది. సూట్‌కేసు ఖాళీగా ఉంటే ఊరు దాటాక అందేది బాగా తగ్గిపోతుంది. అసలు బొమ్మే లేకపోతే చెప్పేదేముంది! ఒకే సంస్థ, ఒకే రంగు కార్డు, ప్రీమియంలో కొద్ది తేడా... ఆ కొద్ది తేడా చూసి చవకది తీసుకున్నవాళ్లు బొమ్మ సంగతి ఆసుపత్రి కౌంటరు దగ్గర తెలుసుకుంటే ప్రయోజనం లేదు. ప్లాన్లూ వాటి నిబంధనలూ ఏటా మారుతుంటాయి కాబట్టి, నవంబరులో నమోదు మొదలైనప్పుడల్లా మళ్లీ మొదటినుంచీ చదువుకోవాల్సిందే.

పోనీ, పన్ను కోసం సౌత్ డకోటా, బీమా కోసం ఫ్లోరిడా అని రెండు పడవల మీద కాళ్లు పెడదామంటే అదీ కుదరదు. లైసెన్సు ఒకచోట, ఓటు మరోచోట, బీమా ఇంకోచోట ఉంటే పెద్ద క్లెయిం వచ్చిననాడు కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ‘మీరు అసలు ఎక్కడివారు?’ అని. దానికి ఒకే జవాబుండాలి. ఫ్లోరిడాలో వాహన బీమా ఖరీదెక్కువ. ఆ భారం మోయడానికి ఒప్పుకునే అక్కడికి వెళ్తున్నారు.

గుండెనొప్పి వస్తే సరే...

భర్తకు 62, భార్యకు 59 అనుకుందాం. సౌత్ డకోటా చిరునామాతో స్థానిక నెట్‌వర్క్ ప్లాన్ తీసుకున్నారు. మోంటానాలో ఓ సరస్సు ఒడ్డున బండి ఆపి ఉండగా ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఇప్పుడేమవుతుంది?

ఊహించినంత ఘోరమేమీ జరగదు. అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని, బీమా ఉన్నా లేకపోయినా, పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986 నాటి చట్టం చెబుతోంది. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రి అయినా సరే, అత్యవసర వైద్యానికి రోగి తన నెట్‌వర్క్ లెక్క ప్రకారం కట్టాల్సిన వాటా కడితే చాలని, మిగతాది బీమా సంస్థా ఆసుపత్రీ తేల్చుకోవాలని 2022 జనవరి నుంచి మరో చట్టం అమల్లో ఉంది. హెలికాప్టర్లో తీసుకెళ్లినా అదే రక్షణ. రోడ్డు మీద వచ్చే మామూలు అంబులెన్సు మాత్రం ఆ చట్టంలో లేదు! ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య వంద మైళ్లుండే పశ్చిమ రాష్ట్రాల్లో ఇదేం చిన్న విషయం కాదు.

స్టెంటు వేశారు, మనిషి కుదుటపడ్డాడు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. రెండు వారాల తర్వాత గుండె డాక్టరుకు చూపించుకోవాలి. రక్త పరీక్షలు, స్కానింగ్, వారానికి మూడుసార్లు వ్యాయామ చికిత్స... ఇవేవీ ‘అత్యవసరం’ కిందికి రావు. నెట్‌వర్క్ డాక్టరు కావాలంటే సౌత్ డకోటాకి బండి తిప్పాలి. నడపాల్సిన మనిషేమో మంచం మీదున్నాడు. ఆమెకు అంత పెద్ద బండి నడపడం అలవాటుందా? ప్రయాణం మొదలుపెట్టే ముందు చాలా జంటలు వేసుకోని ప్రశ్న ఇది. ఇలాంటప్పుడు మనిషిని విమానంలోనూ బండిని వేరే డ్రైవరుతోనూ ఇంటికి చేర్చే సభ్యత్వ పథకాలు వేరే అమ్ముతారు. అవి బీమా కావు. వైద్యం బిల్లు కట్టవు.

గుండెపోటు కన్నా క్యాన్సర్ పెద్ద పరీక్ష. మూడు వారాలకోసారి కీమో అంటే నెలల తరబడి ఒకేచోట ఉండాలి. అప్పుడిక ఊరిని ఎంచుకునేది తిరగాలన్న సరదా కాదు, కార్డు. కొడుకో కూతురో ఉన్న ఊళ్లో చికిత్స తీసుకుందామన్నా అది వేరే రాష్ట్రమైతే పాత ప్లాన్ పనికిరాదు. నిజంగా ఆ రాష్ట్రానికి నివాసం మార్చుకుంటే అరవై రోజుల్లోగా కొత్త ప్లాన్ తీసుకునే వీలుంది గానీ, ఏడాది మధ్యలో కొత్త కంపెనీకి మారితే డిడక్టబుల్ సాధారణంగా మళ్లీ సున్నా నుంచి మొదలు. అంటే బీమా చెల్లించడం మొదలుపెట్టేలోపు జేబులోంచి కట్టాల్సిన సొమ్ము ఒకే ఏడాదిలో రెండుసార్లు.

ఫోన్లో డాక్టరుతో మాట్లాడొచ్చు కదా అంటే, దానికీ ఓ మెలిక ఉంది. డాక్టరుకు సాధారణంగా రోగి కూర్చున్న రాష్ట్రంలో లైసెన్సుండాలి. వీడియో కాల్ మొదట్లోనే ‘ఇప్పుడు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు?’ అని అడిగేది అందుకే.

ఈ తలనొప్పులన్నీ చూసి కొందరు ‘హెల్త్ షేరింగ్’ సంఘాల్లో చేరిపోతారు. మతపరమైన ఈ సంఘాల్లో సభ్యులు నెలనెలా కొంత వేసుకుంటే, జబ్బు చేసినవాళ్ల బిల్లులు అందులోంచి పంచుకుంటారు. చాలావాటికి నెట్‌వర్క్ గొడవ లేదు, ఏ రాష్ట్రమైనా ఒకటే, ప్రీమియంతో పోలిస్తే చవక. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ అది బీమా కాదు. బిల్లు కట్టి తీరాలన్న చట్టబద్ధమైన హామీ లేదు. పాత జబ్బులకు ఇవ్వకపోవచ్చు. 2021లో షారిటీ మినిస్ట్రీస్ అనే అలాంటి సంఘం దివాలా తీసింది. నెలనెలా డబ్బు కట్టినవాళ్ల చేతుల్లో ఆసుపత్రి బిల్లులు మిగిలాయి. ఆరోగ్యంగా ఉన్నంతకాలం బాగుండేదాన్ని ఆరోగ్య రక్షణ అనొచ్చా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

గీతకు అటూ ఇటూ

ఫుల్‌టైమర్లంతా కలిగినవాళ్లే అనుకోవద్దు. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘నోమాడ్‌ల్యాండ్’ సినిమా చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఇంటి అద్దె కట్టలేక వ్యానులోకి మారినవాళ్లు, గోదాముల్లో పెట్టెలు సర్దుతూ, క్యాంపుల్లో కాపలా ఉంటూ, షుగర్‌బీట్ కోతలకు వెళ్తూ బతుకీడ్చేవాళ్లు కూడా అదే రోడ్డు మీద ఉన్నారు. వాళ్ల దగ్గర బీమా లెక్కలు మరీ క్రూరంగా తేలతాయి.

ప్రీమియంలో ప్రభుత్వమిచ్చే రాయితీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 2026 ప్లాన్లకు ఒంటరి మనిషి ఏడాది ఆదాయం 15,650 డాలర్ల కన్నా తక్కువైతే ఆ రాయితీ రాదు. పేదలకు వేరే మెడికెయిడ్ ఉందిగా అంటారా? దాన్ని విస్తరించడానికి టెక్సస్, ఫ్లోరిడా ఒప్పుకోలేదు. పిల్లలు లేని, వైకల్యం లేని నడివయసు మనిషికి అక్కడ అదీ దక్కదు. మరీ పేదవాడు కావడమే నేరమన్నట్టు! సౌత్ డకోటా ప్రజలు 2022లో ఓటు వేసి మరీ ఈ పథకాన్ని విస్తరించుకున్నారు, 2023 జులై నుంచి అమలవుతోంది. కానీ మెడికెయిడ్ కూడా రాష్ట్రం దాటితే అత్యవసరానికే పరిమితం. పని వెతుక్కుంటూ రాష్ట్రాలు దాటేవాళ్లకు అది ఏపాటి ఆసరా?

పైవైపూ ఓ గీత ఉంది. కరోనా కాలంలో, 2021లో పెంచిన రాయితీల గడువు 2025 డిసెంబరుతో తీరిపోయింది. దాంతో 2026 ప్లాన్లకు ఇద్దరున్న కుటుంబం ఆదాయం 84,600 డాలర్లు దాటితే రాయితీ మొత్తం పోతుంది. ఒక్క డాలరు దాటినా అంతే. అరవై దాటిన జంటలు పొదుపు ఖాతా నుంచి ఈ ఏడాది ఎంత తీయాలి, వచ్చే ఏడాదికి ఎంత ఆపాలి అని కాగితాలు ముందేసుకుని కూర్చునేది ఇందుకే.

పళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఆరిజోనాలో యూమా ఊరికి కొద్ది మైళ్ల దూరంలో, సరిహద్దుకు అవతల మెక్సికోలో లాస్ అల్గొడోనెస్ అనే చిన్న ఊరుంది. దానికి ‘మోలార్ సిటీ’ అని ముద్దుపేరు. అంటే దవడపళ్ల పట్టణం. వీధి వీధంతా దంతవైద్యులే! కళ్లద్దాల దుకాణాలు, మందుల షాపులు సరేసరి. చలికాలం ఆర్‌వీల జనం అమెరికా వైపు బండ్లు ఆపేసి, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని నడిచి సరిహద్దు దాటుతారు. ఉదయం వెళ్లి పన్నుకు తొడుగు కొలతలిచ్చి, మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రానికి వచ్చేస్తారు. సొంత దేశంలో రాష్ట్రం దాటితే పనిచేయని కార్డు కన్నా, పొరుగుదేశంలో నగదు తేలిక.

అరవై ఐదో పుట్టినరోజు

ఫుల్‌టైమర్లలో అరవై ఐదో పుట్టినరోజు కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది. వయసు పెరుగుతున్నందుకు సంతోషించే అరుదైన సందర్భం ఇది. ఆ వయసుకు మెడికేర్ వస్తుంది. లిండన్ జాన్సన్ 1965 జులై 30న సంతకం చేసిన పథకం. అసలైన మెడికేర్‌కు రాష్ట్రం, కౌంటీ అన్న పట్టింపు లేదు. దాన్ని ఒప్పుకునే డాక్టరు మెయిన్‌లో ఉన్నా, ఒరెగాన్‌లో ఉన్నా ఒకటే. డాక్టర్ల ఖర్చులు చూసే భాగానికి 2026లో మామూలు నెలసరి ప్రీమియం 202 డాలర్ల 90 సెంట్లు. డిడక్టబుల్ పోను ఎనభై శాతం అది భరిస్తుంది. మిగతా ఇరవై శాతం కోసం ‘మెడిగ్యాప్’ అనే ప్రైవేటు పాలసీ జతచేసుకుంటే అదీ మెడికేర్ వెంటే దేశమంతా నడుస్తుంది.

అయితే సరిగ్గా ఆ పుట్టినరోజుకే ఇంకో వల సిద్ధంగా ఉంటుంది. టీవీ నిండా ‘మెడికేర్ అడ్వాంటేజ్’ ప్రకటనలు. అదనపు ప్రీమియం లేదు, పళ్లు చూస్తాం, కళ్లద్దాలిస్తాం, జిమ్‌కు పంపిస్తాం అంటారు. ఒకేచోట ఉండేవాళ్లకు అది బాగానే ఉండొచ్చు. తిరిగేవాళ్లకు మాత్రం మళ్లీ మొదటికే. స్థానిక నెట్‌వర్క్, అనుమతులు. పైగా ప్లాన్ ప్రాంతం వదిలి వరసగా ఆరు నెలలు దాటితే సాధారణంగా సభ్యత్వమే తీసేస్తారు. పోనీ తర్వాత మారదామంటే, మెడిగ్యాప్‌ను జబ్బుల ప్రశ్నలు లేకుండా అమ్మాల్సిన గడువు ఆ భాగంలో చేరిన మొదటి ఆరు నెలలే. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో కంపెనీలు కాదనొచ్చు.

భర్తకు అరవై ఐదు నిండినా భార్యకు ఇంకా మూడేళ్లుంటే? ఆయన కార్డు దేశమంతా చెల్లుతుంది, ఆమెది ఒక్క కౌంటీలో. ప్రయాణం ఎవరి కార్డును బట్టి సాగాలో వేరే చెప్పాలా!

ఇదంతా అమెరికా వాళ్ల గొడవ, మనకెందుకనుకోవద్దు. గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గరికి వెళ్లి స్థిరపడే మన తల్లిదండ్రులు, అరవై ఐదు దాటినా సరే, సాధారణంగా మొదటి ఐదేళ్లూ మెడికేర్‌లో చేరలేరు. ఆ ఐదేళ్లకు ప్లాన్ కొనాలి. అమ్మాయి దగ్గర డాలస్‌లో ఆర్నెల్లు, అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో ఆర్నెల్లు అనుకుంటారు. డాలస్ చిరునామాతో కొన్న కార్డు న్యూజెర్సీలో మోకాలి డాక్టరు దగ్గర పనిచేయకపోవచ్చు. బండి లేకపోయినా వాళ్లూ ఒకరకంగా ఫుల్‌టైమర్లే. కార్డు కొనేముందు ఏ పిల్లల దగ్గర ఎక్కువ రోజులుంటారో, బీపీ డాక్టరు ఏ ఊళ్లో ఉంటే మేలో ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. ఆ మాట పిల్లలే ఎత్తితే ఇంకా మంచిది. ‘ఎక్కువ రోజులు ఎవరి దగ్గర’ అన్నది పెద్దవాళ్లు నోరు విప్పి చెప్పలేని సంగతి.

ఎంత తిరిగినా ఏదో ఒకనాడు స్టీరింగ్ వదలాల్సిందే. లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ సంఘం అలాంటివాళ్ల కోసమే ‘కేర్’ అనే కేంద్రం పెట్టింది. అక్కడ వృద్ధాశ్రమం గది ఇవ్వరు. ఎవరి బండిలో వాళ్లే ఉంటారు. బండి ఆపుకోవడానికి చోటు, మూడు పూటలా భోజనం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే వాహనం, చూసుకునే మనుషులు ఉండేలా ఏర్పాటు చేశారు. ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్లు అక్కడ కోలుకోవడానికి వచ్చేవాళ్లూ ఉంటారు. ఒంట్లో కాస్త బలం రాగానే వాళ్లు ముందుగా చూసుకునేది టైర్లలో గాలి.